వంటల పుస్తకానికి తోడుగా ఒక వంటింటి కాటా: పది నెలల వాడకం తరువాత

గత ఏడాది ఆగస్టులో విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర స్టీలు సామాను అమ్మే ఒక చిన్న దుకాణంలో 650 రూపాయలు పెట్టి ఎలక్ట్రానిక్ వంటింటి కాటా ఒకటి కొన్నాను. ఒక గ్రాము తేడాతో 5 కిలోల వరకు తూచగలిగిన, పైన స్టీలు పలక, కింద ప్లాస్టిక్ పెట్టె, ముందు అంకెలు కనిపించే చిన్న తెర ఉన్న మామూలు యంత్రం అది. ఇటువంటివి రకరకాల పేర్లతో ప్రతి సామాను కొట్టులోనూ దొరుకుతున్నాయి కాబట్టి, తయారు చేసినవారి పేరు కన్నా ఈ రకం కాటా వంటింట్లో ఏ పని చక్కగా చేస్తుంది, ఏ పని చేయలేదు అన్న సంగతే కొనదలచినవారికి ఎక్కువ అక్కరకు వస్తుందని భావించి ఆ దృష్టితోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను దీన్ని కొన్నది బరువు తగ్గడానికో, వ్యాపారానికో కాదు. నా దగ్గర బ్రెడ్డు, కేకుల గురించి ఇంగ్లీషులో ఉన్న పుస్తకం ఒకటి, దేశంలోని వివిధ రాష్ట్రాల వంటలు చెప్పే పుస్తకం ఒకటి, అట్ట ఊడిపోయిన పాత తెలుగు వంటల పుస్తకం ఒకటి, వీటన్నిటికన్నా విలువైన మా అమ్మమ్మ నోటుపుస్తకం ఒకటి ఉన్నాయి. ఏళ్ల తరబడి వాటిలో చెప్పినట్టే చేస్తున్నానని నమ్ముతూ వచ్చాను. ఒకసారి అద్భుతంగా కుదిరిన వంటకం మరుసటి నెల అదే పుస్తకం, అదే పేజీ, అదే చేయి అయినా ఎందుకు చెడిపోతోందో అర్థమయ్యేది కాదు. కాటా వచ్చిన మొదటి వారంలోనే దానికి సగం జవాబు దొరికింది.

పుస్తకాలలో కనిపించే ‘కప్పు’ అన్న మాటే ఆ సగం జవాబు. అమెరికా పుస్తకాలలో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250 మిల్లీలీటర్లు, మన ఇళ్లలో టీ తాగే కప్పులో 150 కూడా పట్టకపోవచ్చు. కొలతకప్పుల సెట్టు కొన్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు, ఎందుకంటే పిండి విషయంలో కప్పు ఎలా నింపామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. గోధుమపిండిని చెంచాతో తీసి కప్పులోకి మెల్లగా జారవిడిచి పైన చదును చేస్తే నా కాటా మీద 121 గ్రాములు చూపింది. అదే కప్పును డబ్బాలో ముంచి పిండిని తోడి చదును చేస్తే 148 గ్రాములు వచ్చింది. నాలుగు కప్పుల పిండి కావలసిన బ్రెడ్డులో ఈ తేడా వంద గ్రాములు దాటిపోతుంది. అంత తేడా వచ్చాక నీరు సరిగా పోసినా ప్రయోజనం ఉండదు, పైగా తప్పు నీటిదే అనుకుని మరుసటిసారి నీటిని మార్చి మరింత పాడుచేసుకుంటాము.

కాటాను నమ్మే ముందు దాని నిజాయితీని పరీక్షించాలనుకున్నాను. రూపాయి చిహ్నంతో 2011లో వచ్చిన వరుసలోని 5 రూపాయల నాణెం బరువు 6 గ్రాములు. అటువంటివి పది పోగుచేసి పలక మీద పెడితే 60 గ్రాములు చూపింది, మూడుసార్లు తీసి పెట్టినా మారలేదు. తరువాత లీటరు కొలపాత్ర బరువును సున్నా చేసి దాన్ని గీత వరకు నీటితో నింపితే 996 గ్రాములు వచ్చింది. లీటరు నీరు దాదాపు కిలో తూగుతుంది కాబట్టి ఆ కొంచెం తేడా గీత దగ్గర నా కంటిదో, వంటగది వేడికి నీరు కొంత వ్యాకోచించడం వల్లనో వచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఇంటి అవసరానికి ఈ ఖచ్చితత్వం చాలినంత ఉంది.

బ్రెడ్డు విషయంలో ఈ యంత్రం నాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. పుస్తకంలో 500 గ్రాముల మైదాకు 325 గ్రాముల నీరు, 10 గ్రాముల ఉప్పు, 7 గ్రాముల ఈస్టు అని ఉంది. నీటిని కూడా గ్రాములలో చెప్పడం మొదట వింతగా తోచింది కాని, గిన్నెను పలక మీద పెట్టి, బరువును సున్నా చేసే మీట నొక్కి, పిండి పోసి, మళ్లీ సున్నా చేసి, నీరు పోసి, ఇలా ఒకే గిన్నెలో అన్నీ తూచుకోవడం అలవాటయ్యాక కొలతకప్పులను కడగవలసిన పని కూడా తప్పింది. పిండిని నూరు పాళ్లుగా తీసుకుంటే నీరు 65 పాళ్లు, ఉప్పు 2 పాళ్లు అన్న లెక్క ఒకసారి బోధపడిన తరువాత, 500 గ్రాములకు బదులు ఇంట్లో ఉన్న 380 గ్రాముల పిండితోనైనా ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. సగం మైదా తీసేసి గోధుమపిండి వేసినప్పుడు నీరు ఎంత పెంచానో రాసి పెట్టుకోగలిగాను: 65 పాళ్లు చాలలేదు, 72 దగ్గర ముద్ద మెత్తగా వచ్చింది. అంతకుముందు ఈ మార్పులన్నీ చేశాను కాని ఎంత మార్చానో నాకే తెలియదు, అందుకే కుదిరిన బ్రెడ్డు రెండోసారి కుదిరేది కాదు.

అయితే విశాఖలో ఉండేవారు ఒక సంగతి గమనించాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మబ్బు పట్టిన రోజున, సముద్రం మీది తేమగాలి కిటికీలోంచి వంటింట్లోకి వస్తున్నప్పుడు, అదే 325 గ్రాముల నీటికి ముద్ద చేతికి అంటుకుపోయింది. డబ్బాలోని పిండి అప్పటికే గాలిలోని తేమను కొంత పీల్చుకుని ఉంటుంది, ఆ నీటిని కాటా పిండి బరువుగానే చూపిస్తుంది. ఇప్పుడు వానాకాలంలో 300 గ్రాములు మాత్రమే పోసి, మిగిలిన 25 గ్రాములను పక్కన పెట్టుకుని, ముద్దను చేత్తో చూసి అవసరమైతేనే కలుపుతున్నాను. అలాగే పుస్తకంలో పిండి పొంగడానికి గంటన్నర నుంచి రెండు గంటలు అని ఉంటే, మే నెలలో మా వంటింట్లో ముప్పావుగంటకే గిన్నె నిండిపోయింది. ఇడ్లీ పిండిని పన్నెండు గంటలు పులియనివ్వమన్న ఉత్తరాది పుస్తకం మాట విన్న రోజున కూడా ఇంతే, ఆ వేసవి ఉదయం లేచేసరికి పిండి పుల్లబడి గిన్నె అంచు దాటి గట్టు మీదికి వచ్చింది. కాలాన్ని, వేడిని తూచే శక్తి ఈ పలకకు లేదు.

పుస్తకాలలో ‘చేప 500 గ్రాములు’ అని రాసినప్పుడు అది మార్కెట్లో కొన్న బరువా, బాగుచేశాక మిగిలిన బరువా అన్నది చాలామంది రచయితలు చెప్పరు. తరుగు ఎంతో తెలియకుండా మసాలా వేస్తే కూర ఒకసారి చప్పగా, ఒకసారి ఘాటుగా ఉంటుంది. ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చిన 1,040 గ్రాముల వంజరం తల, తోక, పొట్ట తీసి కడిగాక 760 గ్రాములు మిగిలింది. కిలో రొయ్యలు కొంటే తలలు, పెంకులు తీశాక ఒకసారి 480, మరొకసారి 520 గ్రాములు వచ్చాయి. అంటే దాదాపు సగం తరుగే. ఇప్పుడు ప్రతి చేప కూరకూ బాగుచేసిన ముక్కలనే తూచి, వాటి బరువును బట్టి ఉప్పు, కారం, చింతపండు నిర్ణయిస్తున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రోజులలో వంజరం బదులు చెరువు బొచ్చెతో సరిపెట్టుకున్నప్పుడు కూడా ఈ లెక్క పనికివచ్చింది.

ఆ చేపలతోనే కాటా వల్ల తీరని సమస్య ఒకటి ఎదురైంది. వివిధ రాష్ట్రాల పుస్తకంలోంచి బెంగాలీల ఆవ చేప వండాను. 500 గ్రాముల ముక్కలకు 30 గ్రాముల ఆవాలు నూరి, గ్రేవీలో కలిపి పది నిమిషాలు ఉడికించమని ఉంది. గ్రాముకు గ్రాము తూచి చేశాను. కూర చేదుగా వచ్చింది, ఆవ ఘాటు జాడ కూడా లేదు. రెండోసారి ఆవాలు 20 గ్రాములకు తగ్గిస్తే చేదు కాస్త తగ్గింది గాని ఘాటు రాలేదు. అప్పుడు మన వైపు పనసపొట్టు కూరకు, అరటికాయ కూరకు ఆవ ఎలా పెడతామో గుర్తుకొచ్చింది. ఆవాలు, ఎండుమిరపకాయ, ఉప్పు, చిన్న అల్లం ముక్క చన్నీటితో మెత్తగా నూరి, పొయ్యి కట్టేసి, కూర వేడి కాస్త తగ్గాక కలుపుతాము. నూరిన ఆవకు నీరు తగిలినప్పుడు దానిలోని మైరోసినేజ్ అనే ఎంజైము ఆ ముక్కుపుటాలకెక్కే ఘాటును పుట్టిస్తుంది, ఎక్కువసేపు ఉడికిస్తే ఆ ఘాటు ఆవిరైపోతుంది. మూడోసారి పుస్తకంలోని ఆవనూనె, పచ్చిమిరప, పసుపు అలాగే ఉంచి, 20 గ్రాముల ఆవలో పావు వంతు మాత్రం గ్రేవీలో ఉడికించి, మిగతాదంతా మన పద్ధతిలో చివర కలిపాను. అది బెంగాలీ వంటకమని ఎవరికీ పెట్టలేను గాని, మా ఇంట్లో ఆదివారం వంటకాలలో ఇప్పుడు దానిదే మొదటి స్థానం. తూకం తగ్గించి నేను సరిదిద్దాలనుకున్న లోపం నిజానికి కలిపే వేళలో ఉంది.

ఇక ఆవకాయ. ఈ కాటా నాకు పెద్ద నష్టం తెచ్చినదీ, ఆ తరువాత పెద్ద ఉపకారం చేసినదీ అక్కడే కాబట్టి ఆ సంగతి కొంత వివరంగా చెప్పాలి. అమ్మమ్మ నోటుపుస్తకంలో అన్నీ గిద్దలు, సోలలు, తవ్వలే, అంటే పాతకాలపు కొలపాత్రల లెక్కలే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆవకాయ పేజీలో, తరిగిన కాయముక్కలకు సోల కారం, సోల ఆవపిండి, సోలకు కాస్త వెలితిగా ఉప్పు అని ఉంది. కాటా చేతిలో ఉందన్న ఉత్సాహంతో, కారం, ఆవపిండి, ఉప్పు దాదాపు సమానం అన్నదే దీని అర్థమని అనుకుని, ఏప్రిల్ చివర రైతుబజారులో కొని అక్కడే కొట్టించిన కలెక్టరు మామిడికాయ ముక్కలకు మూడింటినీ సమానమైన బరువులో తూచి కలిపేశాను. మూడో వారానికి జాడీ పైభాగాన బూజు కనిపించింది. కిలో ముక్కలు, నువ్వులనూనె, ఒక రోజు శ్రమ వృథా అయ్యాయి.

విజయనగరం నుంచి వచ్చిన మా అత్తగారు జాడీ చూసి, నేను రాసుకున్న కాగితం చూసి, “ఉప్పు చాలలేదమ్మా. సోలతో కొలిచేదాన్ని కాటాతో తూస్తే ఎలా కుదురుతుంది?” అన్నారు. ఆ మాట విన్నాక ఇత్తడి సోలను బయటికి తీసి ఒక్కొక్కటీ తూచాను. నీటితో నింపితే 248 గ్రాములు వచ్చింది, అంటే మా ఇంటి సోల సుమారు 248 మిల్లీలీటర్లు. వేరే ఇంటి సోల ఇంతే ఉంటుందని చెప్పలేను. అదే సోలలో కారం 114 గ్రాములు, ఆవపిండి 109 గ్రాములు పట్టాయి. దంచిన కల్లుప్పు మాత్రం 238 గ్రాములు తూగింది. నిండు సోల ఉప్పు, నిండు సోల కారం కంటికి సమానమే గాని బరువులో ఒకటి రెండోదానికి రెట్టింపు. సమానమైన తూకం వేసినందువల్ల అమ్మమ్మ చెప్పిన ఉప్పులో దాదాపు సగమే నా ఆవకాయకు దక్కింది, సముద్రపు తేమ ఉన్న ఈ ఊరిలో ఆ ఉప్పు జాడీని కాపాడలేకపోయింది.

మే నెలలో మళ్లీ కాయ తెచ్చి, ఈసారి సోలతోనే కొలిచి, కొలిచిన ప్రతిదాన్నీ గిన్నెలో వేసే ముందు తూచి రాసుకున్నాను. కిలో ముక్కలకు 114 గ్రాముల కారం, 109 గ్రాముల ఆవపిండి, వెలితి సోలకు 210 గ్రాముల ఉప్పు అయ్యాయి. ఈ సమీక్ష రాస్తున్న నాటికి ఆ జాడీకి నాలుగు వారాలు నిండాయి, పైన నూనె తేటగా తేలి ఉంది. పాత వంటల పుస్తకాలను గ్రాములలోకి మార్చుకోదలచినవారు నేను చేసిన పొరపాటు చేయకుండా, ముందు ఆ పుస్తకం చెప్పిన పాత్రతోనే కొలిచి, ఆపైన తూచుకోవాలి. ఇడ్లీకి ఒక వంతు మినపగుళ్లు, రెండు వంతుల రవ్వ అన్నది కూడా గ్లాసుల లెక్కే. మా గ్లాసులో మినపగుళ్లు 205 గ్రాములు, రవ్వ 172 గ్రాములు పట్టాయి కాబట్టి, దాన్ని బరువులో ఒకటికి రెండుగా వేస్తే రవ్వ ఎక్కువై ఇడ్లీ గట్టిపడుతుంది.

కేకులలో పంచదారకు బదులు అనకాపల్లి బెల్లం వాడేవారికి కూడా కాటా తప్పనిసరి అంటాను. తురిమిన బెల్లం కప్పులో ఎంత నొక్కితే అంత దిగుతుంది. 150 గ్రాముల పంచదారకు 150 గ్రాముల బెల్లం తూచి వేసి, బెల్లంలో తేమ ఉంటుంది గనుక పాలు రెండు చెంచాలు తగ్గిస్తే మా ఇంట్లో కేకు చక్కగా కుదిరింది.

యంత్రంలో లోపాలు లేకపోలేదు. రెండు నిమిషాలు ఏమీ చేయకపోతే అది తనంతట తానే ఆగిపోతుంది. పిండి తూచి, నీళ్ల కోసం అటు తిరిగి వచ్చేసరికి తెర ఖాళీగా ఉంటే, అప్పటిదాకా తూచినది మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవలసి వస్తుంది. బ్యాటరీ పొదుపు కోసం ఈ ఏర్పాటు చేసి ఉండవచ్చు కాని, వండేవారి చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవన్న ఆలోచన తయారుచేసినవారికి రాలేదు. రెండోది, పెద్ద గిన్నె పెడితే తెర దాని నీడలో పడి కనిపించదు. ఇందుకు గిన్నె కింద బోర్లించిన చిన్న స్టీలు డబ్బా పెట్టి సున్నా చేసుకోవడం నేను కనిపెట్టిన ఉపాయం.

ఈస్టు, వంటసోడా వంటి వాటిని చిటికెడు చిటికెడుగా చల్లితే కాటా వాటిని గమనించనే గమనించదు. నాలుగైదు గ్రాములు పడినా తెర మీద సున్నా అలాగే ఉండి, ఆ తరువాత ఒక్కసారిగా అంకె మారుతుంది. వాటిని విడిగా చిన్న కాగితం మీద ఒక్కసారే పోసి తూచితే కొంత మెరుగు, అయినా 7 గ్రాముల ఈస్టు విషయంలో ఒక గ్రాము అటూ ఇటూ తేడా తప్పదు. ఆ పనికి గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా వేరే ఉండాలి. పైన సీలింగు ఫ్యాను తిరుగుతుంటే చిన్న బరువుల అంకెలు ఊగిసలాడతాయి కాబట్టి ఫ్యాను ఆపి తూచడం మంచిది.

సముద్రానికి దగ్గరగా ఉండేవారికి మరొక హెచ్చరిక. మా ఇల్లు బీచి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఆరో నెలలో యంత్రం అప్పుడప్పుడు పనిచేయడం మానేస్తే, కింది మూత తీసి చూశాను. బ్యాటరీ తగిలే తీగచుట్టకు చిలుము పట్టింది. నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, బాగా ఆరబెట్టి, కొత్త బ్యాటరీలు వేశాక మామూలుగానే పనిచేస్తోంది. అప్పటినుంచి వాడిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, గట్టు మీద వదలకుండా మూత ఉన్న డబ్బాలో పెడుతున్నాను. స్టీలు పలకకు తుప్పు రాలేదు గాని దాన్ని బిగించిన మరలకు వచ్చింది.

కాబట్టి బ్రెడ్డు, కేకులు, పాకాలు, ఊరగాయలు పుస్తకం చూసి చేసేవారికి, చేసిన మార్పును గుర్తుపెట్టుకోవాలనుకునేవారికి ఈ కాటాను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. రోజువారీ పప్పు, చారు, వేపుళ్లకు దీన్ని బయటికి తీయవలసిన అవసరం నాకు ఒక్కసారి కూడా కలగలేదు. కొనేటప్పుడు తెర పలకకు బాగా ముందుకు ఉన్నదాన్ని, గుండ్రని బిళ్ల బ్యాటరీకి బదులు గోడ గడియారంలో వేసే మామూలు బ్యాటరీలతో నడిచేదాన్ని ఎంచుకుంటే మంచిది. దుకాణానికి పైన చెప్పిన 2011 వరుసలోని 5 రూపాయల నాణేలు పది తీసుకువెళ్లి, పలక మధ్యలో ఒకసారి, నాలుగు మూలలా ఒక్కొక్కసారి పెట్టి చూడండి. మూలలో పెట్టినప్పుడు అంకె రెండు గ్రాములకు మించి మారితే ఆ యంత్రాన్ని పక్కన పెట్టి మరొకటి చూపించమని అడగండి.